ఫార్దరా, ఫర్దరా? టూనా, వెరీనా? దూరం, మోతాదు చెప్పే ఇంగ్లిష్ మాటల్ని ఎంచుకునే తీరు

హన్మకొండ చౌరస్తాలో ఆటో ఎక్కినవాళ్లు "ఇంకా ఎంత దూరం అన్నా?" అని అడుగుతారు. కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర "ఇంకా ఏమన్న కాయితాలు కావాల్నా సార్?" అంటారు. మే నెలలో ఇంటికొచ్చి కూలబడి "నిన్నటికంటె ఇయ్యాల ఇంకా ఎండ కొట్టింది" అంటారు. మూడు చోట్లా 'ఇంకా' ఒక్కటే. ఇంగ్లిష్‌లోకి పోయేసరికి మొదటిది ఫార్దర్ అవుతుంది, రెండోది ఫర్దర్ అవుతుంది, మూడోది 'ఈవెన్ హాటర్' అవుతుంది.

దూరాన్నీ మోతాదునూ చెప్పేటప్పుడు మనకు దొర్లే తప్పుల్లో ఎక్కువ భాగం ఇట్లా పుట్టినవే. 'ఇంకా', 'దాకా', 'దగ్గర', 'చాలా', 'కొంచెం' అనే ఐదు మాటలు ఇంగ్లిష్‌లో ఒక్కొక్కటి రెండు మూడు ముక్కలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ముక్కలవుతాయి. అందుకే ఇక్కడ తెలుగు మాట వైపు నుంచి వద్దాం. ఆ మాట మన వాక్యంలో ఏ పని చేస్తున్నదో ముందు తేల్చుకుంటే, ఇంగ్లిష్‌లో ఏది రాయాలో చాలాసార్లు దానంతటదే తెలిసిపోతుంది.

ఇంకా: ఏతోనా, యుతోనా

ముందు స్పెల్లింగ్. ఫార్దర్‌లో ఎఫ్ తర్వాత ఏ వస్తుంది, ఫర్దర్‌లో అదే చోట యు వస్తుంది. మిగతా అక్షరాలన్నీ ఒకటే. ఫార్దర్‌లో మొదటి మూడక్షరాలు కలిపితే 'ఫార్', అంటే దూరం. గుర్తు పెట్టుకోవడానికి ఇంతకంటే వేరే చిట్కా అక్కర్లేదు. ఇందులో మొదటి ఆర్ ఎగిరిపోతే ఫాదర్ అవుతుంది. రెండూ సరైన మాటలే కాబట్టి స్పెల్‌చెక్ ఎర్రగీత గీయదు. "మా ఇల్లు ఇంకా దూరం" అని రాయబోయి "మా ఇల్లు నాన్న" అని రాసినట్టవుతుంది. బ్రిటిష్ ఉచ్చారణలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి, విని రాసేటప్పుడు అర్థాన్ని బట్టే పట్టుకోవాలి.

ఇప్పుడు పరీక్ష. మీ తెలుగు వాక్యంలో 'ఇంకా' తీసి 'ఇంకా దూరంగా' పెట్టండి. అర్థం చెడకపోతే ఫార్దర్. అక్కడ 'అదనంగా', 'మరిన్ని', 'ఆపైన' కుదిరితే ఫర్దర్. వరంగల్ స్టేషన్ నుంచి బయల్దేరితే ముందు హన్మకొండ, ఆ తర్వాత కాజీపేట. కాబట్టి "కాజీపేట ఈజ్ ఫార్దర్ దాన్ హన్మకొండ." ఇది కొలిచే దూరం. కాలేజీ బోర్డు మీద "ద ఎగ్జామ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్ అంటిల్ ఫర్దర్ నోటీస్" అని ఉందనుకోండి. ఇందులో కిలోమీటర్లేమీ లేవు. మళ్లీ ఇంకో నోటీసు వచ్చేదాకా అని అర్థం. 'ఫర్దర్ డీటెయిల్స్', 'ఫర్దర్ స్టడీస్', 'విదౌట్ ఫర్దర్ డిలే' కూడా ఈ కోవలోవే. ఈ నాలుగింటిలో ఎక్కడైనా యుకు బదులు 'ఏ' అక్షరం రాస్తే, ఏ దేశపు ఇంగ్లిష్‌లోనైనా తప్పే.

ఫర్దర్‌కు ఇంకో పని కూడా ఉంది. "షి వాంట్స్ టు ఫర్దర్ హర్ కెరీర్" అన్నప్పుడు అది క్రియ, ముందుకు తీసుకుపోవడం అని అర్థం. ఫార్దర్ ఎప్పుడూ క్రియ కాదు. వాక్యం మొదట్లో 'అంతేకాక' అనే అర్థంలో వచ్చే ఫర్దర్‌మోర్ కూడా యుతోనే.

ఇక్కడిదాకా తేలికే. చిక్కు ఎక్కడంటే, బ్రిటిష్ వాళ్లు దూరానికి కూడా హాయిగా ఫర్దర్ వాడేస్తారు. "లండన్ ఈజ్ ఫర్దర్" అంటే అక్కడ ఎవరూ తప్పు పట్టరు. దూరానికి ఏ, మిగతావాటికి యు అని గట్టిగా గీత గీసేది ఎక్కువగా అమెరికన్ పద్ధతి. చరిత్ర చూసినా ఫర్దర్‌దే వయసు ఎక్కువ. ఫార్దర్ దానికి మరో రూపంగా తర్వాత పుట్టి, 'ఫార్' పోలిక వల్ల దూరంతో ముడిపడింది. కాబట్టి మా సలహా రెండు ముక్కలు. సొంతంగా రాసేటప్పుడు సందేహమొస్తే ఫర్దర్ రాయండి, దాదాపు ఎక్కడా దెబ్బతినరు. పోటీ పరీక్షలో ఆప్షన్లలో రెండూ ఇచ్చి వాక్యంలో రోడ్డు, మైళ్లు, నడక కనబడితే మాత్రం ఫార్దర్ పెట్టండి. ప్రశ్న తయారుచేసినవాళ్లు అడుగుతున్నది ఆ తేడానే.

దీనిచుట్టూ దొర్లే తప్పులు మూడు. ఫార్దర్‌లోనే 'ఎక్కువ' కలిసి ఉంది, అందుకే 'మోర్ ఫార్దర్' అనకూడదు. ఇంకాస్త బలం కావాలంటే 'మచ్ ఫార్దర్', కొంచెమే అయితే 'ఎ లిటిల్ ఫార్దర్', అంకె చెప్పాలంటే 'టూ కిలోమీటర్స్ ఫార్దర్'. రెండోది, పోలిక చెప్పే దాన్‌కు బదులు 'తర్వాత' అనే దెన్ రాయడం. ఏ అక్షరం పోలికకు, ఇ అక్షరం సమయానికి. మూడోది 'ఫారెస్ట్'. అందరికంటే దూరం అనడానికి ఫార్దెస్ట్ లేదా ఫర్దెస్ట్ అనాలి. ఫారెస్ట్ అంటే ఏటూరునాగారం అడవి దిక్కు పోవాల్సిందే.

ఎండ సంగతి మిగిలింది. 'నిన్నటికంటే ఇంకా వేడి' అన్నప్పుడు 'ఈవెన్' పెట్టి హాటర్ రాయాలి. 'ఇంకా రాలేదు'కు యెట్, 'ఇంకా ఇక్కడే ఉన్నాడు'కు స్టిల్. అవి సమయం మాటలు కాబట్టి ఇక్కడ వదిలేద్దాం.

అంకె పక్కన ఫార్ నిలవదు

"హైదరాబాద్ ఈజ్ 150 కిలోమీటర్స్ ఫార్ ఫ్రమ్ వరంగల్." మన దగ్గర బాగా చదువుకున్నవాళ్ల నోట కూడా వచ్చే వాక్యం ఇది, తప్పు వాక్యం. 'నూటయాభై కిలోమీటర్ల దూరం' అన్నప్పుడు మన దూరం నామవాచకం, అంకెను తన ముందు కూర్చోబెట్టుకోగలదు. ఇంగ్లిష్ ఫార్ అట్లాంటిది కాదు. దానంతటదే 'దూరంగా' అని చెప్పేస్తుంది, అంకెను దగ్గరికి రానివ్వదు. అంకె ఉంటే 'ఫ్రమ్' ఒక్కటి చాలు, లేదా 'అవే' అనే ఇంగ్లిష్ మాట చాలు. "హైదరాబాద్ ఈజ్ అబౌట్ 150 కిలోమీటర్స్ ఫ్రమ్ వరంగల్." "హైదరాబాద్ ఈజ్ అబౌట్ 150 కిలోమీటర్స్ అవే."

ఈ తప్పు ఇంత మొండిగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. లాంగ్, వైడ్, హై, టాల్, డీప్, ఓల్డ్ అనే మాటలు అంకె పక్కన చక్కగా నిలబడతాయి. "ద వెల్ ఈజ్ 40 ఫీట్ డీప్", "ద రోడ్ ఈజ్ 60 ఫీట్ వైడ్" సరైనవే. వాటిని చూసి ఫార్‌ను కూడా అదే వరుసలో నిలబెడతాం. ఆ వరుసలో చోటులేనివి ఫార్, హెవీ, కాస్ట్లీ. బస్తా '50 కిలోస్ హెవీ' కాదు, "ద బ్యాగ్ వెయ్స్ 50 కిలోస్". చీర '2000 రూపీస్ కాస్ట్లీ' కాదు, "ద శారీ కాస్ట్స్ 2000 రూపీస్".

అంకె లేనప్పుడు కూడా ఫార్‌కు ఒక అలవాటుంది. అడిగేటప్పుడు, కాదనేటప్పుడు అది సహజంగా వస్తుంది: "ఈజ్ ఇట్ ఫార్?" "నో, ఇట్ ఈజ్ నాట్ ఫార్." అవుననేటప్పుడు మాత్రం "ఇట్ ఈజ్ ఎ లాంగ్ వే" అంటారు. "ఇట్ ఈజ్ ఫార్" వ్యాకరణం ప్రకారం తప్పేమీ కాదు, వినేవాళ్లకు ఇంకేదో మాట మిగిలిపోయినట్టు ఉంటుంది. టూ ఫార్, సో ఫార్, ఫార్ అవే అని జత కలిపితే ఆ వెలితి ఉండదు.

ప్రశ్నలు అడిగేటప్పుడు ఎంత దూరమైతే 'హౌ ఫార్', ఎంతసేపైతే 'హౌ లాంగ్'. 'హౌ మచ్ డిస్టెన్స్' అని అడిగితే అర్థమైతే అవుతుంది గానీ ఇంగ్లిష్ వాళ్లు అట్లా అడగరు. మనవాళ్లు దూరాన్ని తరచు సమయంతో చెబుతారు. "కాజీపేట ఎంత దూరం?" అంటే "ఆటోల పావుగంట" అని జవాబొస్తుంది. ఇంగ్లిష్‌లోనూ అట్లా చెప్పొచ్చు: "ఇట్ ఈజ్ ఫిఫ్టీన్ మినిట్స్ అవే." అదే మాటను ఇంకో మాట ముందు పెడితే ఎస్ పోతుంది: 'ఎ ఫిఫ్టీన్-మినిట్ రైడ్', 'ఎ 150-కిలోమీటర్ జర్నీ'. మధ్యలో చిన్న గీత ఉండాలి. కిలోమీటర్‌ను పొట్టిగా కెఎం అని రాసినప్పుడు ఎంత పెద్ద అంకె ఉన్నా ఎస్ చేర్చొద్దు. మన బోర్డుల మీద కనబడే 'కెఎంఎస్' కొలతల పద్ధతి ఒప్పుకునేది కాదు.

మొత్తం దూరాన్ని ఒకే ముద్దగా చూస్తే క్రియ ఏకవచనంలో ఉండాలి. "150 కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వే టు గో ఆన్ ఎ బైక్." అంకె పెద్దది కదా అని 'ఆర్' పెడితే ఒక్కో కిలోమీటర్‌ను విడివిడిగా లెక్కబెట్టినట్టుంటుంది.

రెట్టింపు దూరం చెప్పడానికి ఒక అచ్చు ఉంది. వరంగల్ నుంచి కరీంనగర్ 70 కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాద్ దానికి సుమారు రెట్టింపు. "హైదరాబాద్ ఈజ్ అబౌట్ ట్వైస్ యాజ్ ఫార్ యాజ్ కరీంనగర్." 'డబుల్ దాన్' అనే మాట ఇంగ్లిష్‌లో లేదు.

దాకా: టిల్ ఎక్కడ ఆగుతుంది

"బస్టాండ్ దాకా రా" అనేదాన్ని "కమ్ టిల్ ద బస్ స్టాండ్" అని మార్చేస్తాం. టిల్, అంటిల్ రెండూ సమయానికే. చోటుకు వాడకూడదు. చోటుకైతే మామూలుగా 'టు' చాలు. అక్కడిదాకా వచ్చి ఆగు, ఆ తర్వాత సంగతి వేరే అని నొక్కి చెప్పాలంటే 'యాజ్ ఫార్ యాజ్' వాడాలి. మేడారం పోయేవాళ్లకు దారి చెప్పడం చూడండి: "గో యాజ్ ఫార్ యాజ్ పస్రా, దెన్ ఆస్క్ ఫర్ ద మేడారం రోడ్." ఎత్తుకూ లోతుకూ హద్దు చెప్పాలంటే 'అప్ టు'. వాగు దాటుతుంటే మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి: "ద వాటర్ కేమ్ అప్ టు అవర్ నీస్." డబ్బులకూ ఇదే: 'అప్ టు 500 రూపీస్' అంటే ఐదొందల దాకా, ఐదొందలతో సహా.

స్పెల్లింగ్‌లో చిన్న కిరికిరి ఉంది. టిల్‌కు చివర రెండు ఎల్‌లు, అంటిల్‌కు ఒక్కటే.

దాకాకూ లోపుకూ మధ్య తేడా తెలుగులో అందరికీ తెలుసు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి రెండింటికీ టిల్ పడిపోతుంది. శుక్రవారం లోపు ఫీజు కట్టాలంటే "పే ద ఫీ బై ఫ్రైడే." శుక్రవారం దాకా కౌంటర్ తెరిచి ఉంటుందంటే "ద కౌంటర్ ఈజ్ ఓపెన్ అంటిల్ ఫ్రైడే." "సబ్మిట్ ద ఫామ్ అంటిల్ ఫ్రైడే" అని రాస్తే శుక్రవారం వచ్చేదాకా రోజూ ఫారం ఇస్తూనే ఉండమన్నట్టు. ఒక్కసారి జరిగి అయిపోయే పనికి బై, సాగుతూ ఉండే పనికి అంటిల్.

దూరం మాట కాలానికీ తెలివికీ పాకడం రెండు భాషల్లోనూ ఉంది. 'సో ఫార్' అంటే ఇప్పటిదాకా. 'యాజ్ ఫార్ యాజ్ ఐ నో' అంటే నాకు తెలిసినంతవరకు. మన 'వరకు', వాళ్ల 'ఫార్' ఇక్కడ ఒకే దారిలో నడిచాయి. దీని పక్కనే ఉండి తికమక పెట్టేది 'యాజ్ లాంగ్ యాజ్'. అది షరతు: "యు కెన్ స్టే యాజ్ లాంగ్ యాజ్ యు పే ద రెంట్." కిరాయి కడుతున్నన్ని రోజులు ఉండు అని. ఇక్కడ ఫార్ పెడితే వాక్యం కూలిపోతుంది.

దగ్గర: ఐదు పనుల మాట

"నా దగ్గర పైసల్లేవు" అన్నప్పుడు పైసలు మనకు ఎంత దూరంలో ఉన్నాయని ఎవరూ కొలవరు. కాబట్టి నియర్ రాదు, "ఐ డోంట్ హావ్ మనీ విత్ మి." "డాక్టర్ దగ్గరికి పోయిన" అంటే 'టు ద డాక్టర్'. "గేటు దగ్గర నిలబడు" అంటే గేటు వద్దనే కాబట్టి 'ఎట్ ద గేట్'. నిజంగా కొలవగలిగే చిన్న దూరానికే నియర్: "ద టెంపుల్ ఈజ్ నియర్ ద లేక్." ఇక 'దగ్గర దగ్గర వంద మంది' అంటే 'నియర్లీ ఎ హండ్రెడ్'. ఇందులో చిన్న మెలిక ఉంది. నియర్లీ అంటే వందకు కొంచెం తక్కువ. 105 మంది వస్తే నియర్లీ కుదరదు, అబౌట్ అనాలి.

దేనికి దగ్గరో చెప్పేచోట నియర్‌బై పనికిరాదు. 'దేర్ ఈజ్ ఎ హోటల్ నియర్‌బై' సరి, 'నియర్‌బై ద స్టేషన్' తప్పు, 'నియర్ ద స్టేషన్' సరి.

నియరెస్ట్, నెక్స్ట్ కూడా కలిసిపోతాయి. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ కాజీపేట వదిలి రెండు నిమిషాలైందనుకోండి. అప్పుడు నియరెస్ట్ స్టేషన్ వెనకున్న కాజీపేటే, నెక్స్ట్ స్టేషన్ వరంగల్. ఒకటి దూరం లెక్క, రెండోది వరుస లెక్క.

చాలా, మరీ, చాలు: మిర్చితో తేల్చుకుందాం

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో తేజ రకానికి ఘాటెక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటకు, అంటే మనవాళ్లు టమాటా మిర్చి అనేదానికి, రంగెక్కువ, కారం తక్కువ. మోతాదు మాటలు నేర్చుకోవడానికి ఈ రెండు రకాలు చాలు.

"తేజ ఈజ్ వెరీ హాట్." ఇది ఉన్నమాట, ఫిర్యాదేమీ లేదు. "తేజ ఈజ్ టూ హాట్ ఫర్ ద చిల్డ్రన్." మరీ ఘాటు, పిల్లలు తినలేరు. "చపాట ఈజ్ నాట్ హాట్ ఎనఫ్ ఫర్ హిమ్." ఆయనకు ఆ కారం చాలదు. వెరీ మన 'చాలా', టూ మన 'మరీ', ఎనఫ్ మన 'చాలు'. తెలుగు వాక్యంలో మరీ పెట్టి చూడండి. పెట్టిన వెంటనే 'అందుకే ఏదో కుదరలేదు' అనే అర్థం వస్తుంది. అది రావాలనుకుంటేనే టూ. కూర బాగుందని మెచ్చుకుంటూ "ఇట్ వాజ్ టూ టేస్టీ" అంటే, బయటివాళ్లకు అందులో ఏదో లోపం వినబడుతుంది. స్నేహితుల మధ్య 'టూ గుడ్' అనుకుంటే అనుకోండి, ఇంటర్వ్యూలో, పరీక్ష పేపర్లో మాత్రం వద్దు.

టూ పక్కన మచ్ ఎప్పుడు చేరాలన్నది ఇంకా పెద్ద గోతి. గుణం చెప్పే మాట ముందు టూ ఒక్కటే: 'టూ హాట్'. 'టూ మచ్ హాట్' తప్పు. వస్తువు పేరు ముందైతే లెక్కబెట్టలేనిదానికి 'టూ మచ్ చిల్లీ పౌడర్', లెక్కబెట్టగలిగినదానికి 'టూ మెనీ చిల్లీస్'. మరీ మరీ ఘాటు అనాలంటే వరుస తిరగేసి 'మచ్ టూ హాట్' అనొచ్చు. "టూ హాట్ టు ఈట్" అన్న తర్వాత మళ్లీ 'ఇట్' తగిలించకూడదు. ఏది తినలేమో వాక్యం మొదట్లోనే చెప్పేశాం.

ఎనఫ్ చోటు మార్చుకుంటూ ఉంటుంది. గుణానికి వెనక, పేరుకు ముందు: 'హాట్ ఎనఫ్', 'ఎనఫ్ సాల్ట్'. 'ఎనఫ్ హాట్' అనే వరుస లేదు.

పోల్చేటప్పుడు వెరీ పనికిరాదు. "తేజ ఈజ్ వెరీ హాటర్ దాన్ చపాట" అనకూడదు. 'మచ్ హాటర్' అనాలి, ఇంకా గట్టిగా 'ఫార్ హాటర్'. అవును, దూరం చెప్పిన ఫారే ఇక్కడ మోతాదు చెబుతున్నది. ఘాటును ఒక రోడ్డు అనుకుంటే తేజ చపాటను దాటి మస్తు దూరం పోయిందన్నమాట. అన్నిటికంటే ముందున్నదని చెప్పాలంటే 'బై ఫార్ ద హాటెస్ట్'. ఇంతకీ హాట్ అంటే వేడి అని కూడా అర్థం కాబట్టి, పొగలు కక్కే చారు గురించి మాట్లాడేటప్పుడు కారానికి స్పైసీ అనడమే మంచిది.

క్వైట్ అనే మాటతో జాగ్రత్త. బ్రిటిష్ ఆఫీసరు మీ పనిని 'క్వైట్ గుడ్' అన్నాడంటే అది చాలాసార్లు మన 'ఫర్వాలేదు'. అమెరికన్ అన్నాడంటే నిజంగానే మెచ్చుకున్నట్టు. 'క్వైట్ రైట్', 'క్వైట్ ఇంపాజిబుల్' వంటిచోట రెండు దేశాల్లోనూ 'పూర్తిగా' అనే అర్థం. పేరుకు ఇదొక్క మాటే, పనికి మూడు.

ధర ఎక్కువ, వస్తువు ప్రియం

"రేటెక్కువ", "ఎండెక్కువ", "దూరమెక్కువ", "స్పీడెక్కువ" అని తెలుగులో కొలతకు 'ఎక్కువ' అనే అంటాం. ఆ అలవాటును అట్లాగే ఉంచుకుంటే ఇంగ్లిష్‌లో తప్పు రాదు. కొలత పేరు పక్కన హై, లో రావాలి. కొలిచే వస్తువు పక్కన కాస్ట్లీ, హాట్, ఫాస్ట్, ఫార్ రావాలి. "ద ప్రైస్ ఈజ్ కాస్ట్లీ" తప్పు, "ద ప్రైస్ ఈజ్ హై" సరి, "మిర్చి ఈజ్ కాస్ట్లీ" సరి. "ద టెంపరేచర్ ఈజ్ హాట్" కాదు, "హై". రామగుండంలో ఎండాకాలం పగలు 45 డిగ్రీలకు ఎక్కితే టెంపరేచర్ హై, రామగుండం హాట్. "స్పీడ్ ఈజ్ ఫాస్ట్" కాదు, బండి ఫాస్ట్, స్పీడ్ హై. దూరానికి మాత్రం హై కుదరదు: "ద డిస్టెన్స్ ఈజ్ లాంగ్" లేదా 'గ్రేట్'. "డిస్టెన్స్ ఈజ్ ఫార్" అంటే దూరం దూరంగా ఉందన్నట్టే.

కొంచెం, కొంచెమే

'లిటిల్', 'ఎ లిటిల్' తేడాను క్లాసుల్లో గంటలకొద్దీ చెబుతారు. తెలుగువాళ్లకు అంతసేపు అక్కర్లేదు, మనకు ఆ తేడా ఒక్క ఏ-కారంలో ఉంది. "ట్యాంకుల కొంచెం నీళ్లున్నయి" అంటే ఫర్వాలేదు, పని నడుస్తుంది: 'ఎ లిటిల్ వాటర్'. "కొంచెమే ఉన్నయి" అంటే చాలవు: 'లిటిల్ వాటర్'. మనుషులకూ అంతే. కొందరు వచ్చారంటే 'ఎ ఫ్యూ', కొందరే వచ్చారంటే 'ఫ్యూ'. తెలుగులో చివర ఏ వస్తే ఇంగ్లిష్‌లో ముందున్న ఎ పోతుంది.

తక్కువకు రెండు మాటలు. లెక్కబెట్టేవాటికి ఫ్యూయర్, లెక్కబెట్టలేనివాటికి లెస్: 'ఫ్యూయర్ బసెస్', 'లెస్ ట్రాఫిక్'. దీన్ని పట్టుకుని కొందరు 'ఫ్యూయర్ దాన్ టెన్ కిలోమీటర్స్' అని కూడా రాస్తారు. అక్కర్లేదు. దూరం, డబ్బు, సమయం అంకెల్లో ఉన్నా ఒకే మొత్తం కింద లెక్క, కాబట్టి 'లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్', 'లెస్ దాన్ 500 రూపీస్'. 'లెసర్ మార్క్స్' మాత్రం ఎక్కడా నిలవదు. 'ఫ్యూయర్ మార్క్స్' అనాలి, లేదా 'లోయర్ మార్క్స్'.

చివర లీ చేరితే

మాటకు లీ తగిలిస్తే 'గా' చేరినట్టే అనుకుంటాం. కొన్నిటిలో అర్థమే తిరగబడుతుంది. 'హి వర్క్స్ హార్డ్' అంటే కష్టపడతాడు, 'హి హార్డ్లీ వర్క్స్' అంటే పని చేయనట్టే. లేట్ ఆలస్యం, లేట్లీ ఈమధ్య. గద్ద హై ఎగురుతుంది, హైలీ ఎగరదు. హైలీ అంటే 'మిక్కిలి', 'హైలీ ఎడ్యుకేటెడ్' వంటిచోటే.

పొడుగు మనిషిని 'లాంగ్' అనొద్దు, టాల్ అనాలి. మనుషులు, చెట్లు, స్తంభాలు టాల్. గుట్టలు, గోడలు, జలపాతాలు హై. ఆదిలాబాద్ జిల్లా కుంటాల జలపాతం "ఈజ్ అబౌట్ 45 మీటర్స్ హై". జడ లాంగ్, ఉపన్యాసం లెంగ్తీ.

రాసి చూడండి

"జనగామ దాటి ఇంకా ముందుకు పోతే స్టేషన్ ఘన్‌పూర్ వస్తది." ఇది రోడ్డు మీది దూరం, ఫార్దర్ సరి, ఫర్దర్ కూడా నడుస్తుంది.

"శనివారం లోపు బుక్కులు తిరిగియ్యాలె." ఒక్కసారితో అయ్యే పని కాబట్టి బై.

"చాయ్ మరీ వేడిగుంది, తాగలేను." "ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్." చివర ఇట్ లేదు.

"ఇయ్యాల ఉల్లిగడ్డ రేటు మస్తున్నది." రేటు కొలత పేరు కాబట్టి 'ద ప్రైస్ ఆఫ్ ఆనియన్స్ ఈజ్ వెరీ హై టుడే'.

"ఆమె నాకంటే చాలా బాగా పాడుతది." పోలిక ఉంది కాబట్టి 'వెరీ బెటర్' కాదు, 'మచ్ బెటర్' లేదా 'ఫార్ బెటర్'.

"మరింత సమాచారం కోసం ఆఫీసులో అడగండి." "ఫర్ ఫర్దర్ ఇన్ఫర్మేషన్, ఆస్క్ ఎట్ ద ఆఫీస్." ఇక్కడ రెండు 'ఫర్'లు పక్కపక్కనే వస్తాయి. మొదటిదానికి ఎఫ్ తర్వాత ఓ, రెండోదానికి యు. ఇన్ఫర్మేషన్ చివర ఎస్ ఉంటే కొట్టేయండి.